టైమ్ ట్రావెల్: ఏ దారిని ఎంతవరకు నమ్మొచ్చు?

టైమ్ ట్రావెల్ సాధ్యమేనా అని ఫిజిక్స్ తెలిసిన ముగ్గుర్ని అడిగి చూడండి. "ఇప్పటికే జరుగుతోంది కదా" అని ఒకరంటారు. "లెక్కల్లో ఉంది, బయట ఎవరూ చూడలేదు" అని ఇంకొకరంటారు. "ప్రకృతి ఒప్పుకోదు" అని మూడో ఆయన కొట్టిపారేస్తారు. ముగ్గురిలో ఎవరి మాటా తప్పు కాదు. ఎవరికి వాళ్లు వేరే వేరే ప్రయాణాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు, చిక్కంతా అక్కడే.

అందుకని శాస్త్రజ్ఞులు నిజంగా కాగితం మీద పెట్టిన దారుల్ని ఇక్కడ విడివిడిగా పోలుస్తున్నాను. సెమినార్‌కి టాపిక్ వెతుక్కుంటున్న విద్యార్థులు, కథ రాయాలనుకుంటున్నవాళ్లు, యూట్యూబ్ వీడియో చూసి నమ్మాలో వద్దో తేల్చుకోలేనివాళ్లు, వీళ్లలో ఎవరికి ఏది పనికొస్తుందో చివర్లో నా అభిప్రాయం చెబుతాను.

## ముందు కొలబద్దలు

"సిద్ధాంతం ఒప్పుకుంటుంది" అని ఎవరైనా అన్నప్పుడు నాలుగు ప్రశ్నలు వేయాలి.

ఏ సిద్ధాంతం? అది ఎన్ని పరీక్షలకు నిలిచింది? సైన్సులో సిద్ధాంతం అనిపించుకోవాలంటే ముందుగా ఒక అంకె చెప్పాలి, ఆ అంకె తప్పితే ఓటమి ఒప్పుకోవాలి. తత్వవేత్త కార్ల్ పాపర్ పట్టుబట్టింది ఈ రెండో సంగతి మీదే. సూర్యుడి అంచు పక్కనుంచి వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుందని ఐన్‌స్టీన్ ముందే లెక్కగట్టి చెప్పారు. న్యూటన్ దారిలో లెక్కిస్తే అందులో సగమే వస్తుంది. 1919 గ్రహణం సమయంలో ఎడింగ్టన్ బృందం తీసిన కొలతలు ఐన్‌స్టీన్ వైపు మొగ్గాయి. ఇంకోలా వచ్చి ఉంటే ఆయన సిద్ధాంతం అప్పుడే చిక్కుల్లో పడేది. అలా పరీక్షకి తలొగ్గి నిలబడడమే పాపర్‌కి నచ్చింది.

పరీక్షించిన చోటే వాడుతున్నారా, పరీక్షించని చోటికి లాగుతున్నారా? ఎక్కువమంది వదిలేసే ప్రశ్న ఇది. న్యూటన్ సూత్రాలతో గ్రహాల కదలికలు రెండు వందల ఏళ్లు చక్కగా లెక్కకు వచ్చాయి. బుధగ్రహం కక్ష్య దగ్గర మాత్రం శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల తేడా మిగిలిపోయింది. సూర్యుడికి అంత దగ్గర్లో ఆ సిద్ధాంతం పట్టు జారింది. అంటే ఒకచోట నెగ్గిన సిద్ధాంతం ప్రతిచోటా నెగ్గుతుందనే హామీ లేదు.

ముడిసరుకు ఉందా? సమీకరణం అడిగే పదార్థం, శక్తి ప్రకృతిలో ఎక్కడైనా కనబడ్డాయా?

ఎటు, ఎంత దూరం? ముందుకా, వెనక్కా? వెనక్కి అయితే ఏ తేదీ దాకా?

| దారి | ఎటు | ఆధారం | కావలసింది | పరీక్ష |
|---|---|---|---|---|
| విపరీతమైన వేగం | ముందుకే | ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం, 1905 | భారీ శక్తి | చాలాసార్లు నెగ్గింది |
| బలమైన గురుత్వం దగ్గర ఉండడం | ముందుకే | సాధారణ సాపేక్ష సిద్ధాంతం, 1915 | కృష్ణబిలం లాంటిది | చిన్న మోతాదులో నెగ్గింది |
| కాంతికంటే వేగం | కబురు వెనక్కి | ప్రత్యేక సాపేక్షాన్ని హద్దు దాటించడం | ఎవరూ చూడని కణాలు | కొలిచిన చోట ఓడింది |
| తిరిగే విశ్వం | వెనక్కి | గోడెల్ పరిష్కారం, 1949 | విశ్వమంతా తిరగాలి | మన విశ్వం అలా లేదు |
| తిరిగే సిలిండర్, కాస్మిక్ స్ట్రింగ్స్ | వెనక్కి | 1974, 1991 | అంతులేని పొడవు | లేదు |
| వార్మ్‌హోల్ | వెనక్కి, తయారైన రోజు దాకా | 1988 | నెగటివ్ ఎనర్జీ | లేదు |

పట్టికలో పై రెండు వరుసలకీ కింది వాటికీ మధ్య పెద్ద గీత ఒకటి గీసుకోండి. మిగతా కథంతా ఆ గీత గురించే.

## ముందుకు వెళ్లడం: ఇది జరుగుతున్నదే

భూమికి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తులో, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు మ్యూయాన్లు అనే కణాలు పుడతాయి. వాటి సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. ఆ కాస్త సమయంలో కాంతి కూడా 660 మీటర్లకు మించి పోలేదు. అయినా అవి లక్షణంగా నేల దాకా వస్తున్నాయి, ఈ క్షణంలో మీ అరచేతి గుండా కూడా వెళ్తున్నాయి. కారణం, వాటి వేగానికి మన గడియారంతో చూస్తే వాటి కాలం నెమ్మదిస్తుంది. 1970ల్లో యూరప్‌లోని కణభౌతిక ప్రయోగశాల సెర్న్ పరిశోధకులు మ్యూయాన్లను కాంతివేగంలో 99.94 శాతంతో వలయంలో తిప్పి చూశారు. ఆయుష్షు 29 రెట్లు పెరిగింది. సిద్ధాంతం చెప్పింది కూడా అంతే.

కణాల సంగతి సరే, గడియారాల మాటేమిటి? 1971లో హఫేలే, కీటింగ్ అనే ఇద్దరు నాలుగు సీజియం అణు గడియారాల్ని మామూలు ప్రయాణికుల విమానాల్లో ఎక్కించి ప్రపంచం చుట్టూ తిప్పారు. తూర్పు వైపు తిరిగినవి నేల మీది గడియారంకంటే 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమర వైపు తిరిగినవి 273 నానోసెకన్లు ముందుకు పోయాయి. పడమరకి సిద్ధాంతం ముందుగా ఇచ్చిన అంకె 275, అటూ ఇటూ 21. ఎత్తు గడియారాన్ని ముందుకు నెడుతుంది, వేగం వెనక్కి లాగుతుంది; తూర్పుకి వెళ్తే భూమి తిరిగే వేగం కలుస్తుంది, పడమరకి వెళ్తే తగ్గుతుంది కాబట్టి దిక్కుని బట్టి తేడా వచ్చింది. ఇప్పుడైతే విమానం కూడా అక్కర్లేదు. అమెరికాలోని బౌల్డర్ ప్రయోగశాలలో ఒక అణు గడియారాన్ని రెండోదానికంటే 33 సెంటీమీటర్లు పైకి లేపితేనే తేడా కనబడిందని 2010లో చూపించారు. మన మెట్ల మీద రెండు మెట్లు ఎక్కినంత ఎత్తు.

మీ ఫోన్‌లో దారి చూపించే జీపీఎస్ కూడా ఇదే లెక్క మీద నడుస్తోంది. ఉపగ్రహంలోని గడియారం గురుత్వం తక్కువ ఉండటం వల్ల రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది, వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. నికరంగా 38 మైక్రోసెకన్ల తేడా. దీన్ని సరిచేయకపోతే ఒక్క రోజులోనే చూపించే చోటు 10 కిలోమీటర్లకు పైగా తప్పుతుంది.

మరి మనిషి ఎంత దూరం వెళ్లాడు? హైదరాబాద్ మూలాలున్న నాసా వ్యోమగామి రాజాచారి 2021-22లో 177 రోజులు అంతరిక్షంలో ఉండి వచ్చారు. స్టేషన్ వేగాన్ని, ఎత్తుని కలిపి లెక్క వేస్తే ఆయన మనకంటే సుమారు 4 మిల్లీసెకన్లు తక్కువ వయసుతో దిగారు. రష్యా వ్యోమగామి సెర్గెయ్ క్రికాలెవ్ మొత్తం 803 రోజులకి సంపాదించింది సెకనులో యాభయ్యో వంతు.

ఇంకాస్త పెద్ద ప్రయాణం కావాలంటే ఖర్చు చూడండి. కాంతివేగంలో 99 శాతం అందుకుంటే ఓడలో పదేళ్లు గడిచేసరికి భూమి మీద 71 ఏళ్లు అవుతాయి. మనవడి పెళ్లికి తాతగారు మనవడికంటే చిన్నవాడై రావచ్చు. కానీ ఒక్క కిలో బరువుని ఆ వేగానికి తేవడానికే దాదాపు 15 వేల కోట్ల యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి కావాలి. మనిషి చేసిన వాటిలో అన్నింటికంటే వేగంగా వెళ్లిన పార్కర్ సోలార్ ప్రోబ్ వేగం సెకనుకి 192 కిలోమీటర్లు. కాంతివేగంలో ఒక శాతంలో పదో వంతు కూడా కాదు. అదే వేగంతో ఆగకుండా వెళ్లినా, వేగం వల్ల మాత్రమే వచ్చే లాభం దాదాపు రెండు నెలలకి ఒక సెకను.

అంటే ఈ దారికి అడ్డం ఇంజనీరింగే, సిద్ధాంతం కాదు. ఇంకో లోటు, తిరుగు టికెట్ లేదు.

ఇక్కడే మనవాళ్లలో ఒక వాదన వస్తుంది. భాగవతంలో రైవతుడు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గానం నడుస్తుంటే కాసేపు ఆగుతాడు. ఆలోగా భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. "చూశారా, సాపేక్ష సిద్ధాంతం మనకెప్పుడో తెలుసు" అని దీన్ని ముందుకు తెస్తారు. కథ చాలా బాగుంటుంది, కాలం అందరికీ ఒకేలా నడవకపోవచ్చనే ఊహ అంత పాతకాలంలో రావడం నిజంగా గొప్ప. కానీ ఎంత వేగానికి ఎంత కాలం తగ్గుతుందో చెప్పే సూత్రం అందులో లేదు, దాన్ని పట్టుకుని జీపీఎస్ గడియారాన్ని సరిచేయలేం. కథకి అది లోటు కాదు. దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టబోతే మాత్రం మొదటి కొలబద్ద దగ్గరే ఆగిపోతుంది.

## కాంతికంటే వేగంగా

కాంతికంటే వేగంగా కబురు పంపగలిగితే, సాపేక్ష సిద్ధాంతం ప్రకారమే ఆ కబురు కొందరికి పంపకముందే చేరినట్టు ఏర్పాటు చేయొచ్చు. అందుకే 2011 సెప్టెంబరులో అంత గోల జరిగింది. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకి, 730 కిలోమీటర్లు నేల లోపలినుంచి వెళ్లిన న్యూట్రినోలు (దేన్నైనా దాదాపు అడ్డు లేకుండా దాటిపోయే కణాలు) కాంతికంటే 60 నానోసెకన్లు ముందే వచ్చాయని ఒపేరా బృందం ప్రకటించింది. ఐన్‌స్టీన్ ఓడిపోయారని పేపర్లు రాసేశాయి. కొన్ని నెలలకి చూస్తే ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదని తేలింది. పక్కనే ఉన్న ఇంకో బృందం కొలిస్తే కాంతివేగమే వచ్చింది.

ఒపేరావాళ్లని వెక్కిరించడం అన్యాయం. నెలల తరబడి వెతికినా తప్పు దొరక్క, మీరూ చూడండని డేటా బయట పెట్టారు. వందేళ్లుగా నిలబడిన సిద్ధాంతానికి ఎదురుగా ఒక్క కొలత వస్తే ముందు కేబుల్ చూడాలి, ఆ తర్వాతే సిద్ధాంతం. అలాగని సిద్ధాంతం మీద గౌరవంతో కొలతని దాచకూడదు కూడా.

## వెనక్కి వెళ్లే దారులు

అసలు ఆశ అందరికీ ఇక్కడే. కృష్ణదేవరాయల సభ చూసి రావాలనో, పోయినవాళ్లని ఒకసారి పలకరించాలనో.

గోడెల్ విశ్వం. తర్కశాస్త్రంలో మహానుభావుడు కుర్ట్ గోడెల్ ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్‌తో కలిసి రోజూ నడిచేవారు. ఐన్‌స్టీన్ 70వ ఏడు సందర్భంగా, 1949లో, ఆయన సమీకరణాలకే ఒక పరిష్కారం చూపించారు. విశ్వమంతా తిరుగుతూ ఉంటే, తగిన దారిలో వెళ్లినవాడు తన గతానికే తిరిగి వస్తాడు. లెక్కలో తప్పు లేదు. దీన్ని భౌతిక కారణాలతో పక్కన పెట్టవచ్చేమో ఆలోచించాలని ఐన్‌స్టీన్ జవాబిచ్చారు. గోడెల్ విశ్వం వ్యాకోచించదు, మన విశ్వం వ్యాకోచిస్తోంది. విశ్వమంతా తిరుగుతున్న జాడ కూడా ఎక్కడా కనబడలేదు.

దీని విలువ ప్రయాణానికి కాదు, సిద్ధాంతం స్వభావం తెలుసుకోవడానికి. సమీకరణం ఒప్పుకున్నవన్నీ ప్రకృతిలో ఉండాలని లేదు. వర్గ సమీకరణం చేస్తే గది పొడవు 12 అని ఒకటి, మైనస్ 5 అని ఒకటి వస్తాయి, పదో తరగతి పిల్లలు కూడా రెండోదాన్ని కొట్టేస్తారు. అయితే అన్నిసార్లూ అలా కొట్టేయడం మంచిది కాదు. 1928లో డిరాక్ సమీకరణం నుంచి అర్థంలేనివిగా కనిపించే నెగటివ్ శక్తి పరిష్కారాలు వచ్చాయి. 1932లో ఆండర్సన్ పాజిట్రాన్‌ని (ఎలక్ట్రాన్‌కి వ్యతిరేక కణం) ఫొటోలో పట్టాక వాటికి అర్థం దొరికింది. కృష్ణబిలాల్నీ చాలాకాలం లెక్కల్లోని వింతగానే చూశారు. ఏది కొట్టేయాలో ఏది ఉంచాలో కొలిచి చూసేదాకా తెలియదు, టైమ్ మెషీన్ పరిష్కారాలు ఇంకా ఆ తేలని వరుసలోనే ఉన్నాయి.

సిలిండర్లు, స్ట్రింగ్స్. వీటి మీద ఎక్కువ సమయం పెట్టను. అంతులేని పొడవున్న బరువైన సిలిండర్ వేగంగా తిరిగితే దాని చుట్టూ గతానికి దారి ఏర్పడుతుందని 1974లో ఫ్రాంక్ టిప్లర్ చూపించారు. ఒకదాన్నొకటి దాటిపోయే రెండు కాస్మిక్ స్ట్రింగ్స్‌తో (విశ్వం తొలినాళ్లలో పుట్టి ఉండొచ్చని ఊహించే సన్నని శక్తి తీగలు) అదే పని అవుతుందని 1991లో రిచర్డ్ గాట్ చూపించారు. అంతులేని పొడవు ఎవరి దగ్గరా లేదు, కాస్మిక్ స్ట్రింగ్స్ ఇంతవరకు దొరకలేదు.

వార్మ్‌హోల్. వెనక్కి వెళ్లే దారుల్లో అన్నింటికంటే బాగా తరచి చూసినది ఇదే. రెండు చోట్లని కలిపే అడ్డదారి గురించి ఐన్‌స్టీన్, రోజెన్ 1935లోనే రాశారు. కానీ ఆ దారి కాంతి కూడా దాటేలోపే మూసుకుపోతుందని 1962లో ఫుల్లర్, వీలర్ తేల్చారు. 1988లో కిప్ థార్న్, మోరిస్ ప్రశ్నని తిరగేసి వేశారు: మూసుకుపోకుండా ఉండాలంటే లోపల ఏముండాలి? జవాబు, నెగటివ్ ఎనర్జీ. అదే ఏడు యుర్ట్‌సెవర్‌తో కలిసి దాన్ని టైమ్ మెషీన్‌గా మార్చే పద్ధతి కూడా చెప్పారు.

పద్ధతి ఇలా ఉంటుంది. వార్మ్‌హోల్‌కి ఉన్న రెండు నోళ్లలో ఒకటి ఇక్కడే ఉంచండి. రెండోదాన్ని 2030లో కాంతివేగానికి దగ్గరగా తిప్పి 2041లో వెనక్కి తీసుకురండి. పైన చెప్పిన మ్యూయాన్ల సూత్రమే దీనికీ వర్తిస్తుంది కాబట్టి, తిరిగొచ్చిన నోటి దగ్గర ఒక్క ఏడాదే గడిచి ఉండొచ్చు. లోపలినుంచి చూస్తే రెండు నోళ్ల గడియారాలూ కలిసే నడుస్తాయి. 2041లో తిరిగొచ్చిన నోట్లోకి దూరితే ఇక్కడే ఉన్న నోటి గుండా 2031లోకి వస్తారు. కానీ 2030 కంటే వెనక్కి పోలేరు. రాయలవారి సభకి వెళ్లాలంటే 1529కి ముందే ఎవరో ఒక వార్మ్‌హోల్ తయారు చేసి పెట్టి ఉండాలి.

నెగటివ్ ఎనర్జీ పూర్తిగా కల్పన కాదు. రెండు లోహపు పలకల్ని చాలా దగ్గరగా పెడితే వాటిమధ్య శక్తి సాంద్రత శూన్యంకంటే తగ్గుతుందని 1948లో కాసిమిర్ చెప్పారు. ఆ బలాన్ని 1997లో లామొరో బాగా కచ్చితంగా కొలిచారు. అయితే ఎంత ఎక్కువ నెగటివ్ ఎనర్జీ కావాలంటే అది అంత తక్కువసేపే నిలుస్తుందని ఫోర్డ్, రోమన్ లెక్కలు చెబుతున్నాయి. మనిషి పట్టేంత ద్వారాన్ని తెరిచి ఉంచడం వాటి ప్రకారం దాదాపు అసాధ్యం.

## వెళ్లాక తాతగారిని ఆపితే?

మా తాతకి పెళ్లి కాకుండా నేను వెళ్లి ఆపితే నేనెలా పుట్టాను అనే పాత చిక్కుకి మూడు జవాబులున్నాయి.

రష్యా భౌతిక శాస్త్రజ్ఞుడు నోవికోవ్ జవాబు: ఆపలేవు. గతంలో నువ్వు చేసేది ఇప్పటికే గతంలో భాగం. వార్మ్‌హోల్‌లోకి వెళ్లిన బిలియర్డ్ బంతి బయటికొచ్చి తననే గుద్దుకుంటే ఏమవుతుందో 1991లో థార్న్ బృందం లెక్కించింది. పరస్పరం పొసగే పరిష్కారాలు దొరికాయి, ఒకటికంటే ఎక్కువే. అదే కొత్త చిక్కు, ఏది జరుగుతుందో సిద్ధాంతం చెప్పలేకపోతోంది.

బ్రిటిష్ భౌతిక శాస్త్రజ్ఞుడు డాయిచ్ జవాబు, 1991: క్వాంటం లెక్కతో చూస్తే వైరుధ్యం రాదు. అనేక విశ్వాల భాషలో చెప్పాలంటే మీరు వెళ్లింది ఇంకో విశ్వం గతానికి.

హాకింగ్ జవాబు, 1992: అసలు మెషీన్ తయారవదు. గతానికి దారి తెరుచుకునే క్షణంలో శూన్యంలోని క్వాంటం శక్తి పెరిగిపోయి దాన్ని చెడగొడుతుంది. నాకు ఎక్కువ నమ్మకం దీనిమీదే, కానీ హాకింగ్ కూడా దీన్ని ఊహాప్రతిపాదనగానే పెట్టారు. ఆ హద్దు దగ్గర ఇప్పుడున్న సిద్ధాంతాలే పనిచేయవని 1997లో కే, రాజికోవ్‌స్కీ, వాల్డ్ చూపించారు. తేలాలంటే గురుత్వాన్నీ క్వాంటం సిద్ధాంతాన్నీ కలిపేది ఒకటి రావాలి.

హాకింగ్ 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో టైమ్ ట్రావెలర్లకి విందు ఏర్పాటు చేసి, ఆహ్వానాలు మాత్రం విందు అయ్యాక బయట పెట్టారు. ఎవరూ రాలేదు. దీన్నే రుజువుగా చూపించేవాళ్లున్నారు. కానీ పట్టికలోకి మళ్లీ చూడండి. వార్మ్‌హోల్ అయితే అది తయారైన తేదీ కంటే వెనక్కి ఎవరూ రాలేరు, 2009 నాటికి ఎవరూ దాన్ని కట్టలేదు. కాబట్టి ఖాళీ కుర్చీలు వార్మ్‌హోల్‌కి వ్యతిరేకంగా ఏమీ చెప్పవు. ఏ తేదీకైనా వెళ్లొచ్చనే సినిమా మెషీన్‌కి మాత్రం అవి కాస్త దెబ్బే. ఒకే పరీక్ష ఒక సిద్ధాంతాన్ని తాకి ఇంకోదాన్ని తాకకపోవడానికి ఇంతకంటే సరదా ఉదాహరణ నాకు దొరకలేదు.

## ఎవరికి ఏది

ఇంటర్, డిగ్రీ విద్యార్థులకి మ్యూయాన్లు, జీపీఎస్. లెక్క ఒక పేజీలో అయిపోతుంది, ఎవరు ఎదురు ప్రశ్న వేసినా చూపించడానికి కొలతలున్నాయి. వార్మ్‌హోల్ బొమ్మలు స్లైడ్ల మీద అందంగా ఉంటాయి గానీ, మూడో ప్రశ్నకే టెన్షన్ మొదలవుతుంది. ఎమ్మెస్సీలో సాధారణ సాపేక్షం చదివినవాళ్లు 1988 పేపర్లు తీయొచ్చు. వాటిలో థార్న్, మోరిస్ రాసినది బోధన కోసమే రాసింది, అందుతుంది.

కథ రాసేవాళ్లకి ఎంపిక నోవికోవ్‌కీ డాయిచ్‌కీ మధ్య. నోవికోవ్‌తో కథ బిగుతుగా వస్తుంది, విధి లాంటి బరువు ఉంటుంది. పాత్రలకి మార్చే శక్తి ఉండదు కాబట్టి ఉత్కంఠ నిలబెట్టడం కష్టం. అనేక విశ్వాలతో ఏమైనా చేయొచ్చు, అందుకే ఏం జరిగినా పాఠకుడికి పట్టకుండా పోయే ప్రమాదం ఉంది. నేనైతే వార్మ్‌హోల్‌కున్న తేదీ హద్దుని వాడుకుంటాను. మెషీన్ స్విచ్ వేసిన మొదటి రోజుకి భవిష్యత్తు వాళ్లంతా వచ్చి పడతారు కదా, దాని మీద తెలుగులో మంచి కథ ఇంకా నాకు కనబడలేదు.

వీడియోలు, వార్తలు చూసి నమ్మాలా అనుకునేవాళ్లకి నాలుగు కొలబద్దల్లో రెండోది (పరీక్షించిన చోటే వాడుతున్నారా) ఒక్కటి చాలు. 2019లో "శాస్త్రజ్ఞులు కాలాన్ని వెనక్కి తిప్పారు" అని వార్త తిరిగింది. రెండు క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్‌లో సమాచారానికి కనీస యూనిట్లు) స్థితిని క్వాంటం కంప్యూటర్‌లో మొదటి స్థితికి తెచ్చారు, అది 85 శాతం సార్లు కుదిరింది. మంచి ప్రయోగమే, కానీ గతానికి వెళ్లింది ఎవరూ లేరు. 2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఫోటాన్లతో (కాంతి కణాలు) డాయిచ్ లెక్కని అనుకరించి చూసినప్పుడూ ఇలాగే హెడ్‌లైన్లు వచ్చాయి. ఇలాంటి వార్తల్లో "సిమ్యులేషన్" అనే మాట నాలుగో పేరాలో ఎక్కడో ఉంటుంది. షేర్ చేసే ముందు దాన్ని వెతకండి.